మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో బోర్డర్ కోలీ: తెచ్చుకోవచ్చా, వద్దా?

అయిదో_అంతస్తు:
నమస్కారమండీ. ఒక బోర్డర్ కోలీ (గొర్రెల్ని తోలే జాతి) కుక్కపిల్ల గురించి మాటలు నడుస్తున్నాయి, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. మళ్లీ మళ్లీ అడగక్కర్లేకుండా వివరాలన్నీ ఇక్కడే పెడుతున్నా.

మియాపూర్, 5వ అంతస్తు, 3 బీహెచ్‌కే, 1,450 చదరపు అడుగులు, రెండు బాల్కనీలు. ఇద్దరం ఉద్యోగస్తులం. నాకు వారానికి 3 రోజులు ఆఫీసు, మా ఆవిడకి 2. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. కుక్కలంటే భయం లేదు గానీ మోకాళ్ల నొప్పులు, లీషు పట్టుకుని నడవలేదు. బాబుకి 9 ఏళ్లు, పాపకి 4 ఏళ్లు. చిన్నది నడవదు, పరిగెత్తుతుంది. ఇంతకుముందు కుక్కని పెంచిన అనుభవం లేదు.

కుక్కపిల్ల ఆడది, 50 రోజులు, బ్లూ మెర్ల్ (నీలం-బూడిద మచ్చల) రంగు. అమ్మే ఆయన మాట: "ప్రపంచంలోనే తెలివైన జాతి సార్, తనంతట తనే నేర్చేసుకుంటుంది. ఏసీ అక్కర్లేదు, రోజూ ఓ గంట తిప్పితే చాలు." ఇందులో ఎంత నిజం?

ఈల_వేస్తే:
గంట తిప్పితే చాలన్న దగ్గరే ఆగుదాం. ఈ జాతితో చిక్కు కాళ్లలో కన్నా కళ్లలో ఎక్కువ.

వేటాడే జంతువు పని వరస ఇది: చూడటం, గురిపెట్టడం, నక్కి నడవడం, తరమడం, పట్టడం, చంపడం. ఇంగ్లండ్-స్కాట్లండ్ సరిహద్దు కొండల కాపరులు మొదటి నాలుగూ బలంగా ఉన్నవాటిని ఏరి పెంచారు, చివరి రెండూ అణిచారు. నార్తంబర్లాండ్‌లో 1893లో ఆడమ్ టెల్ఫర్ దగ్గర పుట్టిన ఓల్డ్ హెంప్ ఈ జాతికి మూలపురుషుడు. మొరగకుండా, కరవకుండా, ఒట్టి చూపుతో గొర్రెల్ని కదిలించిందని దాని పేరు. ఇప్పటి బోర్డర్ కోలీల్లో దాదాపు అన్నీ ఎక్కడో ఒక తరంలో దానికే తగులుతాయి.

ఆ చూపు ఇంట్లోకి వస్తే గొర్రెలుండవు. కదిలేది ఏది దొరికితే అదే గొర్రె. తుడుపు కర్ర, స్కూటీ, షటిల్ కాక్, మీ చిన్నమ్మాయి. వాషింగ్ మెషీన్ ముందు పడుకుని తిరిగే డ్రమ్మునే గంటసేపు రెప్పవేయకుండా చూస్తుంది. జనం దాన్ని ముద్దొస్తోందని వీడియో తీసి పెడతారు. అది ముద్దు కాదు, పని లేని బుర్ర చేసుకున్న సొంత ఏర్పాటు. సీలింగ్ ఫ్యాను నీడ, స్టీలు కంచం మీద ఎండపడి గోడ మీద ఆడే వెలుగు, ఇవి ఇంకా ప్రమాదం. నీడల వెంట పడటం ఒకసారి అలవాటయితే తిండి మానేసి గోడ వైపే చూస్తూ నిలబడే స్థితికి వెళ్తుంది, అక్కడి నుంచి వెనక్కి తేవడం చాలా కష్టం. లేజర్ లైటుతో ఆడించకండి. ఒక్కసారి కూడా.

కాబట్టి అడగాల్సింది "ఎంతసేపు తిప్పగలను" అని కాదు. "రోజులో నాలుగైదు సార్లు, అయిదేసి నిమిషాలు, దాని బుర్రకి పని చెప్పే మనిషి ఇంట్లో ఎవరు?" వయసొచ్చిన కుక్కకి రెండు పూటలా కలిపి గంట, గంటన్నర నడక ఎలాగూ ఉంటుంది. దానికి తోడు ఇది.

పొద్దున్నే_పరుగు:
దీనికింత వేదాంతం ఎందుకు బ్రో? నేను రన్నర్‌ని, కుక్క ఒంటి సంగతి నాకూ కాస్త తెలుసు. పొద్దున్నే 10 కిలోమీటర్లు పరిగెత్తిస్తే సాయంత్రం దాకా లేవదు.

ఈల_వేస్తే:
అన్నా, మొదటి వారం లేవదు. మూడో నెలకి 10 కిలోమీటర్లు దానికి వార్మప్. పరుగుతో దమ్ము పెరుగుతుంది, బుర్ర మాత్రం అలాగే ఉంటుంది. బంతి విసరడమూ ఇంతే. వరసగా 50 సార్లు విసిరితే కుక్క అలసిపోదు, రేగిపోతుంది. గుండె దడ తగ్గక ఇంట్లోకొచ్చాక కూడా గిరగిరా తిరుగుతుంది. ఏడెనిమిది విసుర్లు చాలు. ఆ తర్వాత అదే బంతిని గడ్డిలో దాచి ముక్కుతో వెతికించండి. పది నిమిషాల వాసన పని అరగంట పరుగు కన్నా ఎక్కువ నిద్ర పట్టిస్తుంది.

ఇంకోటి. ఎముకల చివర్లు గట్టిపడటానికి 12 నుంచి 15 నెలలు పడుతుంది. అంతదాకా సైకిల్ పక్కన పరుగులు, మెట్ల మీద గెంతులు, సిమెంటు రోడ్డు మీద జాగింగ్ వద్దు.

నిద్ర సంగతి ఎవరూ చెప్పరు. పిల్ల రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. ఈ జాతి పిల్ల తనంతట తను పడుకోదు, నిద్ర చాలక కరుస్తుంది. గంట మెలకువ, రెండు గంటలు క్రేట్‌లో (కుక్క పడుకునే బోనులో) నిద్ర, ఇది మీరు పట్టించాల్సిన లెక్క. పెద్దయ్యాక సరిపడే క్రేటు 36 అంగుళాలది.

నరసరావుపేట_వెట్:
మూడు విషయాలు, ముఖ్యమైన వరసలో.

ఒకటి, 50 రోజులు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నియమాల ప్రకారం 8 వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లని అమ్మకూడదు. బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరై ఉండాలి కూడా. ఆ నంబరు అడగండి. నంబరు అడిగితే మాట మార్చేవాళ్లతో బేరం అక్కడితో ముగించవచ్చు.

రెండు, బ్లూ మెర్ల్. తల్లీ తండ్రీ ఇద్దరి రంగూ కనుక్కోండి. ఇద్దరూ మెర్ల్ అయితే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు అవకాశం మెర్ల్ జన్యువు రెండు వైపుల నుంచీ రావడానికి. అలాంటివి సాధారణంగా తెల్లగా పుడతాయి, చెవుడు, కళ్ల లోపాలు, ఒక్కోసారి రెండూ. మీకు చూపించిన పిల్ల బాగానే ఉండొచ్చు. కానీ ఇద్దరు మెర్ల్‌లను దాటించే మనిషి మిగతా పరీక్షలు చేయించి ఉంటాడని నేను నమ్మను.

మూడోది మన దగ్గర ప్రాణం మీదికి తెచ్చేది: ఐవర్‌మెక్టిన్. పేలూ (పిడుదులు, అంటే టిక్స్), గజ్జీ పడితే మెడికల్ షాపువాడో, కెన్నెల్‌లో పనిచేసే కుర్రాడో ఇంజెక్షన్ పొడిచేస్తాడు. కోలీ వంశాల్లో కొన్నిటికి ఎండీఆర్1 జన్యులోపం ఉంటుంది. మెదడులోకి వచ్చిన మందుని బయటికి తోసే పంపు పనిచేయదు. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కనిపెట్టారు. పొడుగు జుట్టు రఫ్ కోలీల్లో నూటికి సుమారు 70కి, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో సగానికి, షెల్టీలలో (షెట్లాండ్ షీప్‌డాగ్) 15కి, జర్మన్ షెపర్డ్‌లలో 10 దాకా ఉంటుంది. బోర్డర్ కోలీల్లో 5 లోపే, అయినా ఉంది.

లెక్క చూడండి. గుండె పురుగు రాకుండా ఇచ్చే మోతాదు కిలోకి 6 మైక్రోగ్రాములు. లోపమున్న కుక్క కూడా అంతవరకు తట్టుకుంటుంది. 18 కిలోల కుక్కకి అది 108 మైక్రోగ్రాములు. గొర్రెలకి వాడే 1 శాతం మందు సిరంజిలో అర ఎంఎల్ తీస్తే 5,000 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 46 రెట్లు. సిరంజిలో అర ఎంఎల్ ఎంత కనిపిస్తుందో తెలుసుగా, చుక్కంత. కాళ్లు తడబడటం, చొంగ, కంటిపాప పెద్దదవడం, వణుకు, చూపు పోవడం, కోమా, ఈ వరసలో వస్తుంది. విరుగుడు లేదు. వారాల తరబడి సెలైను, కొన్నిటికి వెంటిలేటరు.

విరేచనాలకి మనుషులు వేసుకునే లోపెరమైడ్ కూడా ఈ కుక్కలకి ఇవ్వకూడదు. మత్తుమందుల్లో ఏస్‌ప్రోమజిన్, బ్యూటార్ఫనాల్ మోతాదు తగ్గించాలి. బుగ్గ లోపలి పుల్లతో చేసే జన్యు పరీక్ష జీవితంలో ఒక్కసారి చాలు. ఫలితం ఫైలు అట్ట మీదే ఎర్ర సిరాతో రాయండి, ఏ డాక్టరు తెరిచినా కనపడేలా. పేలకి ఫ్లూరలానర్ (12 వారాలకోసారి) లేదా అఫాక్సొలానర్ (నెలకోసారి) మాత్రలు వాడొచ్చు. మూర్ఛ వచ్చిన కుక్కయితే మాత్రం ముందు డాక్టరుకి చెప్పాలి. ఈ జాతిలో మూర్ఛ అరుదేమీ కాదు.

అయిదో_అంతస్తు:
డాక్టరు గారూ, తల్లిదండ్రుల వీడియో తెప్పించాను. రెండూ నీలం-బూడిద మచ్చలవే. బోర్డు రిజిస్ట్రేషన్ అడిగితే "కేసీఐ పేపర్లు ఉన్నాయి కదా సార్" అన్నాడు.

నరసరావుపేట_వెట్:
కెన్నెల్ క్లబ్ కాగితం వంశం చెప్తుంది. బోర్డు రిజిస్ట్రేషన్ వేరే సంగతి, ఆరోగ్యం ఇంకో సంగతి. ఈ పిల్లని వదిలేయండి. వేరే ఏ బ్రీడరు దగ్గరైనా తల్లీ తండ్రీ ఇద్దరి తుంటి ఎక్స్‌రే రిపోర్టు, కళ్ల పరీక్ష, జన్యు పరీక్షల్లో కనీసం సీఈఏ (కంటి లోపం), టీఎన్‌ఎస్ (తెల్లకణాల లోపం, పిల్లలు చిన్నప్పుడే పోతాయి), సీఎల్ (మెదడు జబ్బు, రెండో ఏడాదిలో బయటపడుతుంది), ఎండీఆర్1 అడగండి.

దక్కనీ_గొర్రె:
జాతి మీద అందరూ పడ్డారు గానీ, మంద దగ్గర పనిచేసేవన్నీ ఒక రకం కాదు. ముందు ఈ తేడా తెలియాలి.

మన కురుమ, గొల్ల కాపరుల వెంట కనిపించేవి కాపలా కుక్కలు. తోడేలు రాకుండా, రాత్రి మంద దగ్గర దొంగ పడకుండా ఉంటాయి. హిమాలయాల్లోని గద్దీ, బఖర్వాల్ కుక్కలూ అంతే. మంద తోలడం వాటి పని కాదు, మన దగ్గర ఆ పని మనిషిదే. అందుకే ఈ తోలే గుణం మనవాళ్లు చూసి ఉండరు, ఇంట్లో అది బయటపడితే "కుక్కకి పిచ్చి పట్టింది" అంటారు.

తోలేవాటిలో మళ్లీ మూడు దారులు. బోర్డర్ కోలీ ముందుకెళ్లి చూపుతో ఆపి, కాపరి వైపు తెస్తుంది. కార్గీ, ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ వెనక నుంచి పశువు మడమ కొరికి తోలతాయి. కార్గీ పొట్టిది, బరువు 10 నుంచి 14 కిలోలు, అపార్ట్‌మెంట్‌కి సరిపోతుందనుకుంటారు. కానీ అది మడమలు పట్టే జాతి, పైగా గట్టిగా మొరుగుతుంది. నడుం పొడుగు కాబట్టి సోఫా మీద నుంచి దూకించకూడదు.

జర్మన్ షెపర్డ్ మూడో దారి. 1899లో స్టెఫానిట్జ్ అనే కెప్టెన్ నమోదు చేసిన హోరండ్ నుంచి మొదలైన జాతి. అక్కడ కంచెల్లేని పొలాల మధ్య గొర్రెలు మేసేవి. కుక్క పని ఆ హద్దు వెంబడి రోజంతా అటూ ఇటూ నడిచి, గొర్రె పక్క చేలో పడకుండా చూడటం. బతికున్న కంచె అన్నమాట. ఇంట్లో అదే గుణం గేటుకీ గోడకీ అతుక్కుంటుంది. కాంపౌండు వాల్ వెంబడి మట్టిలో కాలిబాట పడిందంటే ఆ కుక్క దాని పని అది చేసుకుంటోందని అర్థం. అపార్ట్‌మెంట్‌లో హద్దు ఏది? తలుపు. లిఫ్టు చప్పుడైన ప్రతిసారీ మొరుగుతుంది.

అయిదో_అంతస్తు:
అయితే షెపర్డ్ నయమా సార్? పోలీసు కుక్క, పిల్లలకి కాపలాగా ఉంటుంది అంటారు కదా.

దక్కనీ_గొర్రె:
నాకు మీ ఇంటికి అదీ సరిపడేలా అనిపించట్లేదు. మగదైతే 30 కిలోల పైన ఉంటుంది. మీ అమ్మగారు ఇంట్లో ఉన్నప్పుడు కొరియరు కుర్రాడు వస్తే తలుపు దగ్గర దాన్ని ఆపేదెవరు? తుంటి కీలు అరిగే జాతి, మీది నున్నటి టైల్సు నేల. లిఫ్టు ఆగిపోయిన రోజు కుంటే కుక్కని 5 అంతస్తులు మోయాలి. కడుపు ఉబ్బి మెలిపడే జబ్బూ ఉంది, గంటల్లో ఆపరేషన్ కావాలి. ఇక ఈ మధ్య ఫ్యాషనైన బెల్జియన్ మాలినాయిస్ గురించి అడగకండి, అది ఇళ్లకి కాదు.

నల్లమల_గాలి:
ఎండ గురించి ఎవరూ చెప్పలేదేంటి? జుట్టు గొరిగించేస్తే సరిపోదూ?

నరసరావుపేట_వెట్:
గొరిగించకండి. రెండు పొరల జుట్టు. పైపొర ఎండని ఆపుతుంది, లోపలి మెత్తటి పొర రాలితే గాలి ఆడుతుంది. గొరిగితే చర్మం మాడుతుంది, కొన్నిటికి పైపొర మళ్లీ సరిగా రాదు. వారానికి మూడుసార్లు, ఊడిన లోజుట్టు బయటికొచ్చే దువ్వెనతో దువ్వాలి. చెవి వెనక, తొడల వెనక ముందు చూడండి, ఉండలు కట్టేది అక్కడే.

కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో నడక పొద్దున 7 లోపు ముగియాలి. సాయంత్రం 6కి ఎండ తగ్గినట్టుంటుంది గానీ తారు తగ్గదు. మీ అరచేతి వెనక వైపు రోడ్డు మీద 7 సెకన్లు ఆనించండి. ఆనించలేకపోతే 8 దాటాక వెళ్లండి. మధ్యాహ్నం 11 నుంచి 5 దాకా ఏసీ లేక కూలరు ఉన్న ఒక గది కావాలి. అమ్మకందారు మాట పట్టించుకోవద్దు. కరెంటు పోతే లిఫ్టుకి జనరేటరు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఈ జాతికి సొంత చిక్కు ఒకటుంది. ఆట మీద ధ్యాస పడితే ఒళ్లు వేడెక్కినా ఆగదు. గట్టిగా ఆడిన అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో వెనక కాళ్లు ఊగడం, తూలడం, పిలిస్తే పలకకపోవడం కనిపిస్తే వెంటనే ఆపండి. నాలుక ముదురు ఎరుపై, చిక్కటి చొంగ కారి, వేడి 105 దాటితే ముందు చల్లార్చాలి, తర్వాత కారెక్కించాలి. కుళాయి నీళ్లు కడుపు కింద, తొడల మధ్య, మెడ మీద ధారగా పోస్తూ ఫ్యాను పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడిని పట్టి ఉంచుతుంది. 103కి రాగానే నీళ్లు ఆపండి, లేకపోతే అతిగా చల్లబడుతుంది.

ఫ్రిస్కో_తెలుగు:
టెక్సస్ నుంచి. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా ఆస్ట్రేలియన్ షెపర్డ్ వైపు చూస్తారు. పేరుకి ఆస్ట్రేలియన్, పెరిగింది అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో. బోర్డర్ కోలీ అంత నక్కి చూడదు, నిటారుగా నిలబడి ఒంటితో తోస్తుంది. అంటే పిల్లల్ని భుజంతో నెట్టడం, గెంతడం ఎక్కువ. పెరట్లో 6 అడుగుల కంచె ఉందనుకుని వదిలేస్తే గేటు గడియ తీయడం నేర్చుకుంటుంది.

ఇక్కడివాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. ఇండియాకి నాలుగు వారాలు వెళ్తే కుక్కని ఎవరు చూస్తారు? ఈ జాతులు బోర్డింగ్ గదిలో నెల రోజులు గుండ్రంగా తిరుగుతూ గడుపుతాయి. వెంట తీసుకెళ్దామంటే, ఆగస్టు 1, 2024 నుంచి సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) నిబంధనలు గట్టిపడ్డాయి. అమెరికాలో దిగే కుక్కకి కనీసం 6 నెలల వయసు, మైక్రోచిప్పు ఉండాలి, సీడీసీ ఫారం నింపాలి. ఇండియా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది. అమెరికాలో వేయించిన టీకా ధ్రువపత్రం బయల్దేరే ముందే చేయించుకోకపోతే తిరుగు ప్రయాణం చిక్కే.

సెక్రటరీ_గోల:
అసోసియేషన్ సంగతి. కుక్కల్ని పెంచకూడదని బైలాలో రాసుకునే హక్కు అసోసియేషన్‌కి లేదు. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మొరుగుతోందన్న కారణంతో తీసేయమనలేరు, లిఫ్టు ఎక్కనివ్వం అనలేరు. అలాగని మీ బాధ్యత పోదు. నగరపాలక సంస్థ లైసెన్సు, ఏటా రేబిస్ టీకా, పొట్లంలో మలం ఎత్తడం, లిఫ్టులో లీషు పొట్టిగా పట్టడం. కారిడార్‌లో మూత్రం పోస్తే ఫినాయిల్ పోయకండి, ఎంజైమ్ క్లీనరు వాడండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడే పోస్తుంది.

వీధికుక్కల సంగతి కూడా ఆలోచించుకోండి. గేటు బయట గుంపు ఉంటే వాచ్‌మన్‌ని అడిగి అవి తిండికి చేరే వేళ తెలుసుకుని, ఆ వేళ తప్పించి బయల్దేరండి.

ఈల_వేస్తే:
దానికి ఒక ముక్క కలుపుతా. బోర్డర్ కోలీ తల వంచి కళ్లలోకి చూస్తూ నక్కి నడుస్తుంది. వీధికుక్కకి అది కయ్యానికి కాలు దువ్వడమే. మన కుక్క ఏమీ అనకపోయినా గుంపు మీదికొస్తుంది. కాబట్టి వీధికుక్క కనపడగానే, చూపు నిలవకముందే, పేరు పిలిచి వెనక్కి తిప్పి తినేది ఇవ్వాలి. చూపు నిలిచాక పిలిస్తే వినిపించుకోదు.

స్కూటర్లకీ ఇదే పద్ధతి. 30 మీటర్ల దూరంలో మొదలు. స్కూటర్‌ని చూసింది, ఇంకా ఒళ్లు బిగించలేదు, అప్పుడే "గుడ్" అని ముక్క. పదిలో ఎనిమిది సార్లు తనంతట తను మీ వైపు తిరిగితే 5 మీటర్లు దగ్గరికి. తల కిందికి వంగి, ముందు కాలు గాల్లో ఆగిందంటే దూరం తప్పింది. తిట్టకుండా వెనక్కి రండి.

అయిదో_అంతస్తు:
మా చిన్నదాని సంగతి చెప్పండి. పరిగెత్తొద్దంటే వినే వయసు కాదు.

ఈల_వేస్తే:
వినకపోవడం సహజం, అందుకే నేర్పాల్సింది ముందు కుక్కకి. ఒక చిన్న చాప కొనండి. చాప పరిచి, కుక్క కాలు పెట్టగానే చాప మీదే ఒక గింజ (పొడి మేత ముక్క). నిమిషంలో పది గింజలు. రెండు రోజులు ఇంతే. తర్వాత గింజకీ గింజకీ మధ్య 5 సెకన్లు, 10, 20. అది పడుకుని తుంటి ఒక పక్కకి వాల్చిందంటే ఒళ్లు వదిలిందని గుర్తు. అప్పుడు గదిలో మీరు నడవండి, తర్వాత పెద్దవాడు నడవాలి, తర్వాత చిన్నది నడవాలి, ఆఖరున చిన్నది పరిగెత్తాలి. ఏ మెట్టు దగ్గర లేచినా ఒక మెట్టు వెనక్కి. ఆఖరి మెట్టుకి రెండు మూడు నెలలు పట్టొచ్చు.

అంతదాకా ఇంట్లో కూడా 2 మీటర్ల సన్నటి తాడు దాని బెల్టుకి వేలాడుతుండాలి, పెద్దవాళ్లు చూస్తున్నప్పుడు మాత్రమే. చేతి పిడి ముడి కోసేయండి, కుర్చీ కాళ్లకి తగులుకోకుండా. కుక్క చిన్నదాని వెంటపడబోతే తాడు మీద కాలేస్తే చాలు, అరవక్కర్లేదు. మడమ కొరికాక అరిస్తే ఆట ఇంకా మజాగా ఉందనుకుంటుంది. చిన్నదానికి నేర్పాల్సింది ఒకటే: కుక్క వెంటపడితే చేతులు కట్టుకుని, చెట్టులా నిలబడి, పైకి చూడాలి. రోజూ ఆటలా చేయించండి. నాలుగేళ్ల పిల్లనీ ఈ జాతి కుక్కనీ ఒక గదిలో ఒంటరిగా వదలడం మాత్రం రెండేళ్ల దాకా మానండి. తలుపుకి అడ్డం పెట్టే బేబీ గేటు మంచి పెట్టుబడి.

గిద్దెడు_పెరుగు:
తిండి గురించి ఒక్క మాట. ఒట్టి పెరుగన్నంతో ఈ కుక్క నడవదు, మాంసకృత్తులూ కాల్షియమూ చాలవు. 18 కిలోల పెద్ద కుక్కకి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినదైతే, రోజుకి సుమారు 980 కిలోక్యాలరీలు. 100 గ్రాముల్లో 360 ఉండే పొడి మేత అయితే 270 గ్రాములు, నెలకి 8 కిలోల పైమాటే. ఈల గారు చెప్పిన గింజలన్నీ ఈ 270లోంచే తీయాలి, అదనంగా కాదు. పొద్దున తూచి ఒక డబ్బాలో పోసిపెడితే, ఇంట్లో నలుగురూ పెట్టినా లెక్క తప్పదు.

ఈల_వేస్తే:
అయిదో అంతస్తు గారూ, ఎవరి మాటా నమ్మకుండా తేల్చుకునే దారి ఉంది. కుక్క లేకుండానే రెండు వారాలు నడపండి. పొద్దున 5:15కి లేచి 40 నిమిషాలు బయట నడవండి, చేతిలో సంచీ, నీళ్ల సీసాతో. మధ్యాహ్నం ఒకటికి ఇంట్లో ఉన్నవాళ్లు 15 నిమిషాలు వేరే పనేదీ ముట్టకూడదు. రాత్రి 8:15కి ఇంకో 30 నిమిషాలు. మధ్యలో మూడుసార్లు అయిదేసి నిమిషాల అలారం. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, చేసినవాళ్ల పేరు రాయండి. ఇద్దరికీ ఆఫీసున్న రోజు గడిలో ఎవరి పేరు పడుతుందో చూడండి. ఖాళీగా మిగిలితే, లేదా అన్ని గడుల్లో ఒక్కరి పేరే ఉంటే, మంద కాసే జాతి ఏదీ మీ ఇంటికి కాదు.

వాన పడ్డ రోజు వదిలేయకండి. అదే అసలు పరీక్ష.

అయిదో_అంతస్తు:
రెండు వారాలైంది. పిల్లని వదిలేశాం. కాగితంలో ఇద్దరికీ ఆఫీసు పడ్డ రోజుల్లో మధ్యాహ్నం గడి ఖాళీ. పొద్దున, రాత్రి నిండాయి. అమ్మ చాప పని, గింజలు దాచే పని కూర్చునే చేస్తానంటోంది. ఇప్పుడు ఇంకో దారి వచ్చింది. కొంపల్లిలో ఒక కుటుంబం విదేశం వెళ్తూ రెండున్నరేళ్ల బోర్డర్ కోలీని ఇచ్చేస్తున్నారు, ఆడది, ఆపరేషన్ అయింది. చూడటానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి?

దక్కనీ_గొర్రె:
పిల్ల కన్నా ఇది మీకు చాలా మెరుగు. రెండు దాటిన కుక్క ఏ గుణంతో ఉందో అదే దాని గుణం. పిల్లలో ఊహించాలి, దీనిలో చూడొచ్చు.

ఈల_వేస్తే:
అవును. మూడుసార్లు వెళ్లండి, వేరు వేరు వేళల్లో. మొదటిసారి పిల్లలు లేకుండా. లోపలికెళ్లి కూర్చుని 20 నిమిషాలు దాన్ని పట్టించుకోకండి. 15 నిమిషాలకైనా పడుకుందా? మీ చుట్టూ తిరుగుతూనే ఉంటే దానికి ఆగడం రాదని అర్థం. ఫ్యాను వేసి ఆపమనండి, వాచీ అద్దంతో గోడ మీద వెలుగు ఒక్క సెకను వేయండి. చూసి వదిలేస్తే మంచిది. వెతుకుతూ అక్కడే నిలబడిపోతే మీ ఇంటికి వద్దు.

రెండోసారి బయట. స్కూటర్లున్న వీధిలో లీషు మీరు పట్టుకోండి. లాగడం తప్పు కాదు, పిలిస్తే ఎన్ని సెకన్లకి మీ వైపు చూస్తుందో చూడండి. మూడు లోపైతే బాగా పని చేయొచ్చు. మూడోసారి పెద్దబ్బాయితో, ఆ తర్వాత చిన్నదానితో, కుక్క లీషు మీద. చిన్నది గదికి అటు చివర గెంతాలి. కుక్క చూసి మళ్లీ మీ వైపు తిరిగితే సరే. నేలకి నక్కితే ఆ కుక్క నచ్చినా సరే, మొహమాటం లేకుండా వెనక్కి రండి. దీపావళికి ఏం చేస్తుందో వాళ్లని సూటిగా అడగండి, ఈ జాతిలో చప్పుళ్ల భయం ఎక్కువ.

ఇద్దరికీ ఆఫీసున్న రోజుల మధ్యాహ్నానికి మనిషిని ముందే మాట్లాడుకోండి. పెద్ద కుక్కయినా వరసగా నాలుగు గంటలకి మించి పని లేకుండా వదలొద్దు.

నరసరావుపేట_వెట్:
టీకాల పుస్తకం ఫొటోలు కాదు, అసలు పుస్తకం చూడండి. ఐవర్‌మెక్టిన్ ఎప్పుడైనా వేశారా, వేస్తే ఏమైంది అని అడగండి. ఏమీ కాలేదన్నంత మాత్రాన పరీక్ష మానొద్దు. మూర్ఛ ఎప్పుడైనా వచ్చిందా అన్నదీ అడిగి రాసుకోండి. తెచ్చుకునే ముందే రక్త పరీక్షలో ప్లేట్‌లెట్ల సంఖ్య, ఎర్లీకియా, బేబీసియా చూపించాలి. పేలతో వచ్చే ఈ జబ్బులు పైకి కనపడకుండా నెలల తరబడి ఉంటాయి. తుంటి ఎక్స్‌రే కూడా తీయించండి, మత్తు ఇవ్వాల్సి వస్తే ఎండీఆర్1 ఫలితం వచ్చాకే. రిపోర్టులు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూస్తాను.